మనవరాలు ‘క్వెచ్’ అన్నది, అది తిట్టేనా?

కావలి నుంచి వచ్చిన ఈ ఉత్తరం నాలుగు గీతల కాగితాలు, రెండు వైపులా నింపి ఉంది. రాసినవారు అరవై మూడేళ్ళ పెద్దావిడ. కనిగిరి వైపు ఒక పల్లెలో పుట్టి, అదే ఊళ్ళో మేనత్తకు కోడలై, నలభై ఎనిమిదేళ్ళు అక్కడే గడిపారు. పదిహేనేళ్ళ క్రితం, తెలుగు పండితులుగా పనిచేసిన భర్త రిటైరయ్యాక, ఇద్దరూ కావలి వచ్చి ట్రంకు రోడ్డుకు దగ్గరలో ఒక మేడమీది వాటా అద్దెకు తీసుకున్నారు. భర్త మూడేళ్ళ క్రితం కాలం చేశారు. కొడుకు నెల్లూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కూతురు పన్నెండేళ్ళుగా అమెరికాలోని న్యూజెర్సీలో ఉంటోంది. రోజూ తెల్లవారి ఆరు గంటలకు, అంటే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకు, ఫోన్‌ను ఊరగాయ జాడీకి ఆనించి పెట్టుకుని కూతురితో వీడియోలో మాట్లాడడం ఆమెకు అలవాటు.

పదకొండు రోజుల క్రితం ఆమె మోకాళ్ళ నొప్పి గురించి చెబుతుండగా పదేళ్ళ మనవరాలు పక్కనుంచి “అమ్మమ్మ ఈజ్ సచ్ ఎ క్వెచ్” అన్నదట. కూతురు గభాలున అరచేతిని కెమెరాకు అడ్డం పెట్టింది. “తెరంతా ఎర్రగా, చేతి గీతలు కనపడినాయి. ఆ చేతి వెనకాల ఇద్దరూ నవ్వుకుంటన్నారు” అని రాశారు. కింది వాటాలో బీటెక్ చదివే కుర్రవాణ్ణి అడిగితే అతడు తన ఫోన్‌లో వెతికి, “ఎప్పుడూ ఏడుస్తా ఉండే మనిషి అంట పెద్దమ్మా” అన్నాడు. మర్నాడు కూతురు మెసేజ్ పెట్టింది: పాప స్నేహితురాలి ఇంట్లో వాళ్ళ నాయనమ్మను అందరూ అలాగే పిలుస్తారనీ, అది వాళ్ళ భాషలో ముద్దుమాటేననీ. ఆనాటి నుంచి ఈవిడ ఫోన్ ఎత్తడం లేదు.

నిజాయితీపరురాలు కాబట్టి, ఆ వారంలో కూతురితో తాను చెప్పినవన్నీ ఉత్తరంలో వరుసగా రాశారు. మంచం దిగాక మొదటి ఆరు అడుగులు గోడ పట్టుకుని నడవవలసి వస్తోంది. నీళ్ళ క్యాన్ తెచ్చే అబ్బాయి మెట్ల కిందే దించి పోతున్నాడు. ఇంటివాళ్ళు తెల్లవారుజామున మోటారు వేసి మరిచిపోతే ట్యాంకు పొర్లి ఈవిడ ఆరేసిన బట్టల మీద పడుతోంది. పాలు పలచన. వంకాయల్లో రుచి లేదు. పెన్షన్ పనికి వెళ్తే మిషన్ మీద వేలిముద్ర పడక మూడుసార్లు తిరగవలసి వచ్చింది. గంట ప్రయాణం దూరంలో ఉన్న కొడుకు రెండు నెలలుగా గడప తొక్కలేదు. పల్లెలో ఉన్న తన అన్నగారు డెబ్బై ఏళ్ళ వయసులో, కింద పడిన తువ్వాలు కూడా వంగి తీసుకోలేని స్థితిలో ఉండి, ఎవరితోనూ ఒక్క మాట అనరనీ, “ఆయన్ను చూసి నేర్చుకోరాదా” అని వదినగారు దెప్పుతుంటారనీ కూడా రాశారు. ఆమె అడిగిన ప్రశ్నలు మూడు: ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది? తాను నిజంగా అలాంటి మనిషేనా? ఇకమీదట ఫోన్ చేయాలా, మానాలా?

అమ్మా,

మొదటి ప్రశ్న మాట గురించి కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాడిని కావడం వల్ల, కుటుంబాల సంగతి కన్నా మాటల సంగతి కొంచెం ధైర్యంగా చెప్పగలను.

‘క్వెచ్’ పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. తూర్పు ఐరోపా యూదులు ఇళ్ళలో మాట్లాడుకున్న యిడ్డిష్ అనే భాష నుంచి అది ఇంగ్లీషులోకి వచ్చింది. యిడ్డిష్‌కు పునాది మధ్యయుగాల నాటి జర్మన్. అందులో హీబ్రూ మాటలూ, పోలండు, రష్యా వైపు మాటలూ కలిశాయి. రాసేది మాత్రం హీబ్రూ లిపిలో, కుడి నుంచి ఎడమకు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆ భాష మాట్లాడేవారు కోటికి పైగా ఉండేవారు. వారిలో సగానికి దగ్గరగా నాజీలు పొట్టన పెట్టుకున్నారు. అంతకు ముందే, 1881 నుంచి 1924 దాకా, సుమారు 20 లక్షల మంది తూర్పు ఐరోపా యూదులు అమెరికాకు వలస పోయారు. వారిలో ఎక్కువమంది దిగినది న్యూయార్కులో, అక్కడి హడ్సన్ నది దాటితే మీ అమ్మాయి ఉంటున్న న్యూజెర్సీ. వలస వచ్చినవారి పిల్లలు ఇంగ్లీషు మాట్లాడుతూనే ఇంటి మాటలు కొన్ని వదులుకోలేకపోయారు. మన పిల్లలు అక్కడ ఇంగ్లీషులో మాట్లాడుతూ మధ్యలో “అయ్యో” అన్నట్టే. అలా చేరిన మాటల్లో ‘బేగెల్’ ఒకటి (మీ మనవరాలు పొద్దున తినే గట్టి రొట్టె అదే అయి ఉంటుంది), ‘క్వెచ్’ ఒకటి. 20వ శతాబ్దం నడిమికల్లా అది అమెరికన్ ఇంగ్లీషులో స్థిరపడిపోయింది.

యిడ్డిష్‌లో ఆ క్రియకు అసలు అర్థం ఏడవడం కాదు. పిండడం, నొక్కడం, ఒత్తడం. దానికి అన్నదమ్ముల వరస అయ్యే మాట జర్మన్‌లో ఈనాటికీ అదే అర్థంలో ఉంది. తిత్తులు ఒత్తి వాయించే అకార్డియన్‌ను జర్మనులు వేళాకోళంగా ‘ఒత్తుడు బీరువా’ అన్నట్టు పిలిచేది ఆ మాటతోనే. పిండడానికీ సణగడానికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న ఒక ఇంగ్లీషు పిల్లవాడు అడిగితే చాలాసేపు చెప్పవలసి వచ్చేది గాని, మీరు తెలుగువారు. ఎవరైనా ఒక పనిని ఇష్టం లేకుండా, అవస్థపడుతూ, వినేవాళ్ళకు విసుగు పుట్టేలా చేస్తే మనం ఏమంటాం? ముక్కుతూ మూలుగుతూ చేశాడంటాం. ముక్కడమంటే ఒంట్లో బలమంతా ఒకచోటికి తెచ్చి బిగబట్టడం. మూలగడం ఆ బిగువులోంచి బయటికి వచ్చే చప్పుడు. యిడ్డిష్ వాళ్ళ మాట సరిగ్గా ఆ రెంటి మధ్యనే కూర్చుంది: మనిషిని ఏదో లోపలినుంచి ఒత్తుతోంది, ఆ ఒత్తుడుకు వచ్చే శబ్దం అది, కొన్నాళ్ళకు ఆ మనిషికే ఆ శబ్దం పేరయింది. నన్నడిగితే, కింది వాటా కుర్రవాడు చదివి చెప్పిన “ఎప్పుడూ ఏడుస్తా ఉండే మనిషి” కన్నా మన పల్లెల్లో ఉన్న “ముక్కుడు మూలుగుడు” దీనికి నూరుపాళ్ళు దగ్గర. అతడి తప్పేమీ లేదు, ఫోన్‌లో నిఘంటువు ఆ ఒక్క ముక్కే చూపిస్తుంది.

నొప్పినీ సణుగుడునూ ఒకే గూటిలో కట్టేయడం ఆ ఒక్క భాషకే ఉన్న బుద్ధి కూడా కాదు. మీ పిల్లలిద్దరికీ కడుపునొప్పి వచ్చినప్పుడు మీరు పట్టి ఉంటారు గ్రైప్ వాటర్. 1851లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ అనే ఆయన తయారుచేసిన మందు అది. అందులో ‘గ్రైప్’ అంటే మొదట పట్టుకోవడం, తరువాత కడుపులో మెలిపెట్టినట్టు పట్టే నొప్పి. 20వ శతాబ్దంలో అమెరికాలో అదే మాటకు సణగడమనే అర్థం వచ్చింది. ఇక మనం తెలుగే అనుకునేంతగా వాడేస్తున్న ‘కంప్లైంట్’ సంగతి చూడండి. దాని వెనక ఉన్న లాటిన్ మాటకు బాదడం, దుఃఖంతో రొమ్ము బాదుకోవడం అని అర్థం. “నెత్తీ నోరూ బాదుకుని చెప్పినా వినలేదు” అని మీరు కొడుకు గురించి రాసిన వాక్యం, మీకు తెలియకుండానే, ఆ లాటిన్ మాటకు తెలుగు అనువాదం. ఆసుపత్రిలో డాక్టరు “ఏం కంప్లైంటమ్మా?” అని అడగడం కూడా ఊరికే వచ్చింది కాదు, మూడు వందల ఏళ్ళుగా ఇంగ్లీషులో ఆ మాటకు జబ్బు అనే అర్థమూ ఉంది. అక్కడ మీరు నొప్పి గురించి ఎంతసేపు చెప్పినా మిమ్మల్ని ఎవరూ సణుగుతున్నారనరు, చెప్పకపోతేనే కసురుతారు.

ఇప్పుడు అది తిట్టా కాదా అన్న సంగతి. మీ అమ్మాయి రాసినదాంట్లో నిజం ఉంది, కాని మొత్తం నిజం లేదు. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళను అనుకునేటప్పుడు అందులో ఎగతాళి పాలు తక్కువ, చనువు పాలు ఎక్కువ; చాలామంది తమను గురించి తామే “నేనో పెద్ద క్వెచ్‌ని” అని నవ్వుతూ చెప్పుకుంటారు. అదే మాట బయటివాడు అంటే సూదిలా దిగుతుంది. ఆ పాప దాన్ని స్నేహితురాలి ఇంట్లో నవ్వుల మధ్య విన్నది, అక్కడ నాయనమ్మకు అదొక ముద్దుపేరు. తెచ్చి మీ ఇంట్లో వాడింది. మాటలు తెచ్చుకున్నంత తేలికగా వాటి చుట్టూ ఉన్న చనువును తెచ్చుకోవడం పదేళ్ళ పిల్లకు రాదు. అయితే ముద్దుమాట అన్నంత మాత్రాన దాని అర్థం మారిపోదు. సణిగే మనిషి అనే దాని అర్థం. మీకు గుచ్చుకున్నది కూడా పిల్ల మాట కన్నా, ఆ అరచేతి వెనకాల వినపడిన పెద్ద నవ్వే అనిపించింది నాకు. పిల్ల మాటను క్షమించడానికి మీకు ఒక పూట చాలేది, ఈ పదకొండు రోజులూ కూతురి నవ్వుకు.

రెండో ప్రశ్నకు, మీరు అలాంటి మనిషేనా అన్నదానికి, యిడ్డిష్ కన్నా తెలుగే బాగా పనికొస్తుంది. బాధ చెప్పుకోవడానికి మనకు ఒక మాట లేదు, చాలా ఉన్నాయి, అవన్నీ ఒకటి కావు. మొర అని ఉంది: తీర్చగలవాడి ముందు పెట్టేది. గజేంద్రుడు మొర పెట్టాడంటాం గాని సణిగాడని ఎవరూ అనరు, వెయ్యేళ్ళు కొట్టుకున్నా సరే. గోడు అని ఉంది: తీర్చలేకపోయినా వింటే చాలుననుకున్నవారి దగ్గర వెళ్ళబోసుకునేది. ఆ మాటకు జతగా ‘వెళ్ళబోసుకోవడం’ అనే క్రియ ఉండడం గమనించండి, కుండ ఖాళీ అయితే ఆ పూటకు పని అయిపోయినట్టే. ఈ రెంటికీ అవతల సణుగుడు ఉంది, ఇది ఎవరికీ ఎదురుగా చెప్పేది కాదు. తీర్చేవాడి దగ్గరికి పోలేదు, వినేవాడు విన్నట్టు తోచలేదు, అందువల్ల మాట చెప్పినా కుండ ఖాళీ కాలేదు. మర్నాడు మళ్ళీ అదే కుండ. కాబట్టి సణిగేవారు అనే ఒక జాతి మనుషులు ఉన్నారని నేను అనుకోను. చేరవలసిన గుమ్మం చేరని మొరలూ, సగం వంపిన గోడులూ కలిసి సణుగుడు అవుతాయి.

ఈ కొలతతో మీరు రాసిన జాబితా చూశాను. నీళ్ళ క్యాను, పొర్లే ట్యాంకు: ఈ రెండూ మొరలు. తీర్చగలవారు మీ మెట్ల కిందనే ఉన్నారు. మీరు చెప్పినది మాత్రం భూగోళానికి అవతలి పక్కన నిద్రకు సిద్ధమవుతున్న అమ్మాయికి. ఆమె ఏం చేయగలదు? “ఇంటివాళ్ళకు చెప్పమ్మా” అనగలదు, అన్నదని మీరే రాశారు. అనగానే మీకు కోపం వచ్చిందనీ రాశారు. క్యాన్ అబ్బాయికి పై అంతస్తు మోసినందుకు ఇంతని నెలకు మాట్లాడుకోవడం ఒక దారి. లేదా మెట్ల మీద నుంచి చిన్న బిందెతో పట్టుకెళ్ళి పోసిపెట్టే మనిషిని చూసుకోవచ్చు. ఖర్చు అవుతుంది, కాని ఆ మోకాళ్ళతో మీరు ఇరవై లీటర్ల క్యాను మోయడం కన్నా చవక. ట్యాంకు సంగతి ఇంటావిడతో చెప్పేటప్పుడు బట్టలు తడిసిన విషయం కన్నా కరెంటు బిల్లు విషయం ముందు ఎత్తితే త్వరగా పని అవుతుందని నా అనుభవం. వేలిముద్ర విషయంలో, వయసు మీద పడినవారికి, ఇంటి పని చేసిన చేతులకు వేళ్ళ గీతలు అరిగి మిషన్ పట్టుకోకపోవడం మామూలే. ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఇప్పుడు ఫోన్‌లోనే ఉంది, కింది వాటా కుర్రవాడు పావుగంటలో చేసిపెడతాడు. పాలు, వంకాయల గురించి నేనేమీ చెప్పను. వంకాయ బాగాలేదని అనుకోని తెలుగిల్లు ఉంటే అక్కడ వంట మానేశారని అర్థం.

కొడుకు సంగతి వేరు. జాబితాలో దాన్ని చివర రాశారు గాని, మిగిలిన ఆరింటి బరువూ దాని మీదనే ఆనుకుని ఉందని నాకు తోచింది. అతడితో మాట్లాడినప్పుడు మీరు “పనులుంటే చూసుకోలే నాయనా” అంటారనీ, తరువాత అమ్మాయితో “వాడు రాలేదు” అని చెబుతారనీ రాశారు. అంటే కొడుకు మీద ఉన్న మాట కూతురి చెవిలో పడుతోంది, ఆమె ద్వారా అతడికి చేరుతుందనే ఆశ కూడా మీకు లోపల లేకపోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కాకపోయినా, అత్తకు చెప్పవలసినది దుత్తకు చెప్పినట్టయింది. ఈ దారిలో నష్టం ఏమిటంటే, కూతురు ఆ మాటను తమ్ముడికి చేరవేస్తే వాళ్ళిద్దరికీ మాటలు పడతాయి, చేరవేయకపోతే రోజూ మోయవలసి వస్తుంది. మోయలేనప్పుడు మనుషులు నవ్వేస్తారు. ఆ అరచేతి వెనకాల నవ్వులో అది కొంత ఉండవచ్చు.

కొడుకుతో ఎదురుగా చెప్పడంలోనూ చిక్కు ఉంది. “రెండు నెలలైంది, ఈ ఆదివారం వచ్చి ఒక పూట ఉండి పో” అని మీరు అడిగితే, అతడు రాకపోతే, అప్పుడు ఆ రాకపోవడానికి సాకు మిగలదు, మీకు ఇప్పుడున్న దానికన్నా ఎక్కువ బాధ కలుగుతుంది. బహుశా అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు. అడగాలో వద్దో నిర్ణయించుకోవలసింది మీరే. అడిగేటట్టయితే మాత్రం పని పెట్టి అడగండి. ఆ పని ఏమిటో ఇప్పుడు చెబుతాను.

మీ మోకాళ్ళ గురించి. మీరు రాసిన వాటిలో నన్ను కూర్చోనివ్వనిది ఇది. మీరు నలభై ఎనిమిదేళ్ళు తాగినవి కనిగిరి వైపు బోరు, బావి నీళ్ళు. ఆ వైపు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువని మీరు వినే ఉంటారు. ఆ తాలూకాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోవి, ఆ జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోది. అక్కడి పల్లెల్లో నడుములు బిగుసుకుపోయి, మెడ తిప్పలేక, ముక్కుతూ మూలుగుతూ తిరిగే మనుషులను ఎన్ని తరాలు “వాడికి ఎప్పుడూ ఉండేదేలే” అని తీసిపారేశారో చెప్పలేం. 1937లో వైద్యులు కొందరు ఆ మూలుగును మొరగా విన్నారు. నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకలను పట్టి పీడిస్తున్న ఈ బాధకు తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని ఆ ఏడాది వైద్య పత్రికలో రాశారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వచ్చిన మొదటి నివేదికగా ఇప్పటికీ దాన్నే చెప్పుకుంటారు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. అంతకు మించిన నీళ్ళు చిన్నతనం నుంచి ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు, తరువాత కీళ్ళలో బిగువు, ఆపైన వెన్ను వంగకపోవడం.

మీకు అదే జబ్బని నేను అనడం లేదు. అరవై దాటాక మోకాళ్ళు అరిగి కూడా నొస్తాయి, పొద్దున లేవగానే పట్టేసినట్టుండడం అందులోనూ ఉంటుంది. ఏదన్నది తేల్చవలసింది డాక్టరు. కాని ఆ డాక్టరుకు మీరు “కావలి నుంచి వచ్చాను, మోకాళ్ళు నొప్పి” అని మాత్రమే చెబితే నొప్పి మాత్రలు రాసి పంపుతారు. ఎక్కడ పుట్టారు, ఎన్నేళ్ళు ఏ నీళ్ళు తాగారు, మీ అన్నగారు ఎలా ఉన్నారు అనేవి కూడా చెబితే ఎక్స్‌రేను మరో కంటితో చూస్తారు. ఈ పనికి కొడుకును పిలవండి. నెల్లూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళమని, తేదీ చెప్పి. “రాలేదు” అనే మాట రెండు నెలలుగా మీ ఇంట్లో గాలిలో తిరుగుతోంది, దానికి ఒక తేదీ, ఒక పని దొరుకుతాయి.

ఇక ఫోన్. మీరు ఎత్తకుండా ఉండడం ఒక దారి, దానికి బలం ఉంది కూడా, పదకొండు రోజుల్లో అమ్మాయి పెట్టిన మెసేజ్‌ల సంఖ్యే చెబుతోంది. కాని ఎంతకాలం సాగితే అంత, మీ బాధ దేనికన్నది ఆమెకు అర్థం కాకుండా పోయి, అలక ఒక్కటే మిగులుతుంది. పైగా ఆ పిల్ల తాను అన్న ఒక్క మాటకు అమ్మమ్మ మాయమైపోయిందని అనుకుంటుంది. పదేళ్ళ వయసులో అది పెద్ద శిక్ష. ఏమీ జరగనట్టు ఎత్తి, ఇకనుంచి అంతా బాగుందని చెప్పడం ఇంకో దారి. మీ వదినగారు మెచ్చుకుంటారు. అమ్మాయి ఒక వారం ఊపిరి పీల్చుకుంటుంది. తరువాత మీరు చెప్పేది ఏదీ నమ్మదు, నిజంగా ఒంట్లో బాగాలేని రోజున కూడా. నేను ఎక్కువగా భయపడేది ఈ దారికే, పైకి మర్యాదగా కనబడుతుంది కాబట్టి.

మూడోది, ఆమెతో ఉన్నదున్నట్టు చెప్పడం. “పాప అన్నదానికి నాకేం లేదు, నువ్వు చెయ్యి అడ్డం పెట్టి నవ్వినందుకు బాధగా ఉంది” అని ఒక్క వాక్యం. ఆమె ఏడవవచ్చు, లేదా “రోజూ రాత్రి పడుకునే వేళకు నీ నొప్పులన్నీ విని నాకు నిద్ర పట్టడం లేదమ్మా” అనవచ్చు. రెండోదే అంటే ఓర్చుకోగలరేమో ముందే ఆలోచించుకోండి, ఎందుకంటే అది అబద్ధం కాదు. మీకు ఆరు గంటలంటే కీళ్ళు బిగిసి ఉండే వేళ, రోజంతా ముందుంది. ఆమెకు అది ఆఫీసు, వంట, పిల్ల హోంవర్కు అన్నీ అయ్యి చివర మిగిలిన అరగంట. నొప్పి ఎక్కువగా ఉండే గంటలో, వినే ఓపిక తక్కువగా ఉండే మనిషితో రోజూ మాట్లాడుతున్నారు. మీ ఇద్దరి స్వభావాలకన్నా ఈ గడియారానికే ఎక్కువ దోషం ఉందని నా అభిప్రాయం. ఆదివారం రాత్రి మీకు ఏడు గంటలైతే అక్కడ పొద్దున తొమ్మిదిన్నర. వారానికి ఒకసారి ఆ వేళకు తీరిగ్గా గంటసేపు మాట్లాడి, మిగిలిన రోజుల్లో రెండు నిమిషాల పలకరింపుతో సరిపెట్టుకోవచ్చు. నష్టం లేకపోలేదు: రోజూ పొద్దున జాడీ ముందు కూర్చునే ఆ అరగంట ఖాళీ అవుతుంది, దాన్ని దేనితో నింపుకోవాలన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పగలిగేది కాదు.

మనవరాలితో మాత్రం ఒక బేరం చేసుకోవచ్చు. ఆమె మీకు ఒక మాట ఇచ్చింది, బదులుగా మీరు ‘ముక్కుతూ మూలుగుతూ’ ఇవ్వండి. ముందు ముక్కి చూపించి, తరువాత మూలిగి చూపించండి. పిల్లలు ఇలాంటివి మరిచిపోరు. అది నేర్చుకున్నాక హోంవర్కు చేసేటప్పుడు ఆమెను మీరు ఆ మాటతో పిలవవచ్చు, వాళ్ళమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుంటుందో లేదో చూడవచ్చు. ఇదంతా మీకు మనసు వచ్చినప్పుడే. రాకముందే నవ్వమని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు.

చివరగా మీ అన్నగారి విషయం. ఉత్తరంలో ఆయనకు రెండు వాక్యాలే ఇచ్చారు. మీ వదినగారు ఆయనను చూసి నేర్చుకోమంటున్నారు గాని, కింద పడిన తువ్వాలు వంగి తీసుకోలేని మనిషి, ఆ నీళ్ళే ఇంకా తాగుతున్న మనిషి, ఎవరితోనూ ఏమీ అనకపోవడం నాకు ఓర్పుగా తోచడం లేదు. మీరు నెల్లూరు వెళ్ళే రోజున ఆయనను కూడా కారులో ఎక్కించుకునేందుకు వీలుంటుందేమో మీ అబ్బాయిని అడగండి. ఆయన రానంటారు. ఇంట్లో తాగే నీళ్ళు ఒక సీసా నిండా పట్టి పంపమని వదినగారికి చెప్పండి, మండలంలోని గ్రామీణ నీటి సరఫరా వాళ్ళను అడిగితే పరీక్ష ఎక్కడ చేయించాలో చెబుతారు.